పాడికి సర్కారు సొమ్ము: దానమా, న్యాయమా?

ధాన్యం ధర పడిపోతే రైతు బస్తాలు ఇంట్లో వేసుకుని రెండు నెలలు ఆగుతాడు. మిరపకాయలైతే కోల్డు స్టోరేజీలో పెడతాడు. పాల సంగతి అలా కాదు. పొద్దున పితికినవి సాయంత్రంలోగా ఎవరో ఒకరికి పోయాలి. ధర బాగాలేదని పితకడం మానేస్తే పొదుగు వాచి గొడ్డు జబ్బుపడుతుంది. ఆదివారమని, క్రిస్మసు పండుగని సెలవు లేదు. విశ్రాంతి దినాన గోతిలో పడిన ఎద్దును మీలో ఎవడు పైకి తీయడని ప్రభువు పరిసయ్యులను అడిగిన ప్రశ్న పాడి రైతుకు ప్రతి ఆదివారమూ తెల్లవారుజామున ఎదురవుతూనే ఉంటుంది. అందుచేత పాలు అమ్మేవాడికి బేరమాడే బలం ఎన్నడూ ఉండదు. కొనేవాడు చెప్పిందే ధర. లోకంలో చాలా ప్రభుత్వాలు ఇతర వృత్తుల వారికి చేయనంత సాయం పాడి రైతులకు చేయడానికి మొదటి కారణం ఇదే.

అయితే ఆ సాయం న్యాయమైనదేనా? పన్ను కట్టే బడిపంతులు, బట్టల కొట్టు గుమస్తా, ఉప్పూ పప్పూ కొన్నప్పుడల్లా తెలియకుండానే పన్ను చెల్లించే రోజు కూలి, వీరందరి సొమ్ములోంచి ఒక వృత్తి వారికి తీసి ఇవ్వడమెందుకు? ఇస్తే ఎవరికి, ఎంతవరకు? ఈ ప్రశ్నలను అమెరికాలోని ఒక పల్లెటూరి కౌంటీని ముందుంచుకుని ఆలోచిద్దాం. దూరపు ఊరిని కావాలనే ఎంచుకున్నాను. మన ఊళ్ళో సబ్సిడీల మాట ఎత్తితే మనకు ముందు పార్టీలు గుర్తుకొస్తాయి, ధర్మం తరువాత గుర్తుకొస్తుంది.

విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిషిగన్ సరస్సు ఒడ్డున కివానీ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా వంటిదే గాని జనం బహు తక్కువ. కివానీలో మనుషులు ఇరవై వేల పైచిలుకు. పశువులు అంతకు ఎన్నో రెట్లు. 19వ శతాబ్దపు నడుమ బెల్జియం, బొహీమియా, జర్మనీ దేశాల నుండి వచ్చిన పేద కతోలిక కుటుంబాలు అడవులు నరికి వేసుకున్న సేద్యం అది. గ్రీన్ బే మేత్రాసనంలోని ప్రాంతం. ఆ పొరుగునే చాంపియన్ అనే పల్లెలో 1859లో బెల్జియం నుండి వలస వచ్చిన అడేల్ బ్రీస్ అనే రైతుబిడ్డకు మరియమాత దర్శనమిచ్చిందని అక్కడివారి విశ్వాసం. 2010లో పీఠాధిపతి డేవిడ్ రికెన్ గారు ఆ దర్శనం నమ్మదగినదని ప్రకటించారు. అంటే ఇది కంపెనీలు వచ్చి పెట్టిన ఊరు కాదు. గుడి, బడి, దొడ్డి ఒకదాని పక్కన ఒకటి లేచిన ఊళ్ళు. విస్కాన్సిన్ వాహనాల నంబరు పలకల మీద నేటికీ ‘అమెరికా పాడినేల’ అనే మాట ఉంటుంది.

ఆ రాష్ట్రంలో 2004 ప్రాంతంలో 15 వేలకు పైగా పాడి కమతాలు ఉండేవి. 2023 నాటికి అవి 6 వేల కంటే తగ్గాయి. ఒక్క 2019లోనే 800కు పైగా మూతపడ్డాయి. విచిత్రమేమంటే ఆవుల సంఖ్య మాత్రం పెద్దగా తగ్గలేదు, నేటికీ 12 లక్షలకు పైమాటే. పాలు మునుపటికంటే ఎక్కువే వస్తున్నాయి. అంటే పోయినవి ఆవులు కావు, ఇళ్ళు. యాభై అరవై ఆవులున్న కుటుంబం దొడ్డి ఖాళీ చేస్తే ఆ ఆవులు వేయి, రెండు వేలు ఉన్న పెద్ద డెయిరీకి చేరాయి. ఇదంతా సబ్సిడీలు లేక జరిగింది కాదు. సబ్సిడీలు ఇస్తూ ఉండగానే జరిగింది. మనం తేల్చుకోవలసిన చిక్కు ఇక్కడే ఉంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1930ల ఆర్థిక మాంద్యంలో పాల ధర సగానికి పైగా పడిపోయినప్పుడు విస్కాన్సిన్ రైతులు 1933లో ఒకే ఏడాది మూడుసార్లు పాల సమ్మె చేశారు. రోడ్ల మీద లారీలు ఆపి పాలు పారబోశారు. జాతీయ గార్డు దళాలు దిగాయి. ఆకలితో ఉన్న దేశంలో పాలు నేలపాలు చేయడం పాపమే కదా అని మనకు అనిపిస్తుంది. కాని తన పాలు తాను పారబోసుకునే స్థితికి రైతును తెచ్చింది ఎవరని కూడా అడగాలి. ఆ ఏడాది నుండే ప్రభుత్వం వ్యవసాయ ధరల్లో చేయిపెట్టింది. 1949 చట్టంతో పాలకు మద్దతు ధర శాశ్వతమైంది. ధర ఒక గీత కంటే దిగితే మిగులును వెన్నగా, జున్నుగా, పాలపొడిగా ప్రభుత్వమే కొంటుంది.

ఎంత పితికినా సర్కారు కొంటుందంటే ఎవరు తక్కువ పితుకుతారు? 1977 చట్టంతో మద్దతు ధర పెంచిన తరువాత గోదాములు నిండిపోయాయి. మిస్సోరీ రాష్ట్రంలో సున్నపురాయి గనుల సొరంగాల్లో జున్ను దాచారు. 1981 డిసెంబరులో అధ్యక్షుడు రీగన్ 3 కోట్ల పౌన్ల జున్ను పేదలకు పంచమని ఉత్తర్వు ఇచ్చారు. కొంత జున్ను అప్పటికే బూజు పట్టింది. 1983 నాటికి ఈ కొనుగోళ్ళకు ఏటా 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయ్యేది. ఇక లాభం లేదని 1985 చట్టం కింద ప్రభుత్వం మరో దారి పట్టింది. మంద మొత్తం కోతకు గాని ఎగుమతికి గాని పంపి, అయిదేళ్ళు పాడి జోలికి రానని రాసిచ్చిన రైతుకు డబ్బు ఇచ్చింది. సుమారు 14 వేల మంది రైతులు ఒప్పుకున్నారు. దాదాపు 15 లక్షల పశువులు పోయాయి. ఆ ఆవులు మళ్ళీ పాడిలోకి రాకుండా ఎర్రగా కాల్చిన ఇనుముతో ముఖం మీద ముద్ర వేయాలన్నారు. రోచెస్టర్ నగరంలోని ఫెడరల్ న్యాయమూర్తి 1986 ఏప్రిల్‌లో ఆ క్రూరత్వాన్ని ఆపించారు. అంత మాంసం ఒక్కసారి బజారులో పడేసరికి మాంసపు పశువుల రైతుల ధరలు కూలిపోయి వారు కోర్టుకెక్కారు. ఒకరి కడుపు నింపబోయి ఇంకొకరి కంచం లాగినట్టయింది.

ఇంత చెప్పింది ప్రభుత్వాలను ఎగతాళి చేయడానికి కాదు. సాయం చేయడం తేలిక కాదని చెప్పడానికి. మంచి మనసు ఉంటే చాలదు, సాయం ఎలా నడుస్తుందో తెలియాలి.

పవిత్ర గ్రంథంలో మొట్టమొదటి ధాన్యసేకరణ అధికారి యోసేపు. ఏడు సమృద్ధి సంవత్సరాల పంటలో అయిదోవంతు తీసి గాదెల్లో నింపి, ఏడు కరువు సంవత్సరాల్లో ఐగుప్తును బ్రతికించాడని మనం పిల్లలకు చెబుతాం. ఆదికాండము 41వ అధ్యాయం అక్కడికి అయిపోతుంది. 47వ అధ్యాయం మాత్రం ఉపదేశ తరగతుల్లో సాధారణంగా ఎవరూ చదివించరు. కరువు ముదిరాక జనం ధాన్యం కోసం మొదట డబ్బంతా ఇచ్చారు. అది అయిపోయాక పశువులను ఇచ్చారు. చివరికి పొలాలిచ్చి తాము కూడా ఫరోకు దాసులయ్యారు. పూజారుల భూములు మాత్రం వారికే ఉండిపోయాయి. ప్రాణాలు నిలిపిన సాయమే స్వాతంత్ర్యాన్ని తీసుకుపోయింది. యోసేపు చేసింది తప్పని గ్రంథం ఎక్కడా అనదు. మెచ్చుకోదు కూడా. జరిగింది జరిగినట్టు చెప్పి మనకు వదిలేస్తుంది. ఏ సర్కారు సాయం గురించి మాట్లాడినా ఈ రెండు అధ్యాయాలూ కలిపి చదవాలని నా మనవి.

‘సబ్సిడీ’ అనే మాటకు మూలం లాటిను భాషలోని ‘సుబ్సీదియుం’. రోమను సైన్యంలో ముందు వరుస యుద్ధం చేస్తుంటే వెనుక సిద్ధంగా కూర్చుని, ముందువారు తడబడినప్పుడు లేచి అందుకునే దళానికి ఆ పేరు. 11వ పియూస్ పాపుగారు 1931లో ‘క్వాద్రజేసిమో ఆన్నో’ అనే విశ్వలేఖలో చెప్పిన సూత్రానికి కూడా ఇదే వేరు. కింది సంఘం తన శక్తితో చేసుకోగల పనిని పై సంఘం లాక్కోకూడదు, కుటుంబం చేయగలిగింది ఊరు, ఊరు చేయగలిగింది రాజ్యం మింగేయకూడదు, పై సంఘం ఉన్నది సాయపడటానికే అన్నది ఆ సూత్రం. ఈ రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలని గుర్తుంచుకుంటే మన ప్రశ్న సగం విడిపోతుంది. వెనుక నిలబడే సాయం ధర్మం. ముందున్నవాణ్ణి పక్కకు నెట్టి తాను నిలబడేది ధర్మం కాదు, దాన్ని సాయమని పిలిచినా సరే.

ఈ విషయంలో మనకు గొప్ప వెలుగు 23వ జాన్ పాపుగారు. ఇటలీలోని సోత్తో ఇల్ మోంతె అనే పల్లెలో కౌలు రైతు ఇంట పుట్టినవారు. అందుకేనేమో 1961లో ఆయన రాసిన ‘మాతెర్ ఎత్ మజిస్త్రా’ విశ్వలేఖలో వ్యవసాయం గురించిన భాగం పుస్తకాలు చూసి రాసినట్టుండదు. పన్నులు, అప్పు, బీమా, ధరల రక్షణ, పల్లెకు రోడ్లు, మంచినీళ్ళు, అన్నీ వరుసగా పట్టించుకున్నారు. పంట అందరి ఆకలి తీర్చేది గనుక దాని ధర అందరికీ అందుబాటులో ఉండాలి, నిజమే. కాని ఆ పేరు చెప్పి ఒక వర్గం ప్రజలను ఎల్లకాలం తక్కువ బ్రతుకులో ఉంచడం న్యాయం కాదన్నారు. ఊళ్ళో పాల ప్యాకెట్టు చవకగా ఉండాలని మనమంతా కోరుకుంటాం. ఆ చవకకు మూల్యం ఎవరో ఒకరు చెల్లిస్తున్నారు. వినియోగదారుడు చెల్లించకపోతే రైతు చెల్లిస్తున్నాడు. 2014లో నూరు పౌన్ల పాలకు, అంటే మన లెక్కలో 45 కిలోలకు, అమెరికా రైతుకు సుమారు 24 డాలర్లు వచ్చాయి. 2018లో అదే పాలకు సుమారు 16. దాణా ఖర్చు, బ్యాంకు వాయిదా ఆ లెక్కన తగ్గవు గదా! 2018లో ఈశాన్య రాష్ట్రాల పాల సహకార సంఘమొకటి తన రైతులకు పాల డబ్బు చెక్కుతో పాటు ఆత్మహత్యల నివారణ ఫోను నంబరు కూడా పంపింది. దీన్నిబట్టి పరిస్థితి ఊహించుకోవచ్చు.

కనుక పాడి రైతుకు ప్రజాధనం నుండి ఇచ్చేది భిక్ష కాదు. చవక ధర రూపంలో సమాజం అతని దగ్గర ముందే తీసుకున్నదాన్ని కొంత తిరిగి ఇవ్వడం. అందుకే దీన్ని దానమనడం కంటే న్యాయమనడమే సరి అని నా అభిప్రాయం. అయితే న్యాయమన్న తరువాత లెక్క తప్పనిసరి. దానంలో లెక్క చూడనక్కరలేదు, ఎడమ చేతికి తెలియకుండా ఇవ్వవచ్చు. న్యాయంలో ఎవరికి ఎంత అని అడిగి తీరాలి. పంపిణీ న్యాయం గురించి పునీత థామస్ అక్వినాస్ గారు చెప్పింది అందరికీ సమానంగా పంచమని కాదు, తగిన పాళ్ళలో పంచమని. తగని కారణంతో, అవతలివాడు ఫలానా అని ముఖం చూసి ఎక్కువ ఇవ్వడాన్ని ఆయన పాపంగానే లెక్కించారు.

మరి అమెరికా సబ్సిడీలో ఏ కారణం చూసి పంచారు? చాలాకాలం చూసింది పాల పరిమాణాన్నే. మద్దతు ధర పౌనుకు ఇంత అని ఉంటే పదివేల పౌన్లవాడికి కొద్దిగా, కోటి పౌన్లవాడికి బోలెడు వస్తుంది. నష్టభయం ఎవరికి ఎక్కువో వాడికి తక్కువ, తట్టుకునే బలం ఉన్నవాడికి ఎక్కువ. ఆ డబ్బుతో పెద్దవాడు పక్క పొలం కొంటాడు. చిన్నవాడు అమ్ముతాడు. ఇద్దరూ ఒకే సబ్సిడీ తీసుకున్నవారే!

అమెరికా పీఠాధిపతులు 1986లో ‘అందరికీ ఆర్థిక న్యాయం’ అనే లేఖ వెలువరించారు. దాన్ని తయారుచేసిన సంఘానికి అధ్యక్షులు విస్కాన్సిన్‌లోనే ఉన్న మిల్వాకీ అగ్రపీఠాధిపతి రెంబర్ట్ వీక్లండ్. పాడి మందలను కోతకు పంపిన అదే సంవత్సరం! ఆహారం, వ్యవసాయం గురించి అందులో ప్రత్యేక భాగమే ఉంది. కుటుంబం పూర్తికాలం చేసుకునే మధ్యతరహా సేద్యం నిలబడాలని, ప్రభుత్వ సాయం ముందు వారికి చేరాలని వారు కోరారు. దీనికి విమర్శలూ చాలా వచ్చాయి. బిషపులకు ఆర్థికశాస్త్రం ఎందుకన్నవారున్నారు. తమ విచారణల్లో ఏటా పొలాలు వేలం వేస్తుంటే పీఠాధిపతులు మాట్లాడక ఎవరు మాట్లాడతారు?

చట్టం ఆ మాట నెమ్మదిగా, సగమే విన్నది. 2002లో పెట్టిన పాల ఆదాయ పథకంలో ఒక్కొక్క కమతానికి ఏడాదికి 24 లక్షల పౌన్ల వరకే సాయమని హద్దు పెట్టారు. 2014లో దాని బదులు బీమా పద్ధతి తెచ్చారు. మొదట్లో రైతులు కట్టిన రుసుమే గాని చేతికి వచ్చింది స్వల్పం. 2018 చట్టంలో దాన్ని సరిచేశారు. ఇప్పుడు నడుస్తున్నది అదే. పాల ధరలోంచి దాణా ఖర్చు తీసేయగా మిగిలేది నూరు పౌన్లకు తొమ్మిదిన్నర డాలర్లకు తగ్గితే ఆ తేడాను ప్రభుత్వం ఇస్తుంది. రైతు నూరు పౌన్లకు 15 సెంట్లు రుసుము కడతాడు. ఈ చవక రుసుము మొదటి 50 లక్షల పౌన్లకే, అంటే సుమారు రెండు వందల ఆవుల పాలకే. అంతకు మించితే ఆ స్థాయి రక్షణ దొరకదు, దొరికే దానికి కూడా రుసుము బాగా ఎక్కువ. 2025 చట్టంతో హద్దును 60 లక్షల పౌన్లకు పెంచారు.

ఇది మంచి పద్ధతి. పాత జున్ను గుట్టలతో పోలిస్తే ఎంతో మేలు. సమృద్ధి ఏళ్ళలో రైతే కొంత కడతాడు, కరువు ఏళ్ళలో తీసుకుంటాడు. వెనుక వరుస దళమంటే ఇలాగే ఉండాలి. హద్దు ఉండటం వల్ల పెద్దవాడు ప్రజాధనంతో చిన్నవాడి పొలం కొనుక్కునే అవకాశం తగ్గుతుంది.

కాని సొమ్ము ఒక్క తలుపు గుండానే వెళ్ళదు. పేడ సంగతి చూడండి. మన ఇళ్ళలో పేడ పిడకకూ ఎరువుకూ పనికొచ్చే సంపద. రెండు వేల ఆవులు ఒకచోట ఉంటే అదే పేడ ఒక చెరువు. పర్యావరణ రక్షణ కోసమని 1996లో పెట్టిన కేంద్ర పథకంలో పెద్ద పశుశాలల పేడ గుంటలకు డబ్బు ఇవ్వకూడదని మొదట నిషేధం ఉండేది. 2002 చట్టం ఆ నిషేధాన్ని తీసేసింది. నిధుల్లో 60 శాతం పశుపోషణకే కేటాయించింది. ఒక్కొక్కరికి నాలుగున్నర లక్షల డాలర్ల వరకు ఇవ్వవచ్చన్నది. ఇరవై ఆవులవాడికి అంత పేడ గుంట అవసరమే లేదు. పేరు పర్యావరణం, ఫలితం విస్తరణ.

కివానీలో ఈ ముచ్చట పుస్తకాల్లోది కాదు. అక్కడ పైమట్టి చాలాచోట్ల పలుచన. కింద పగుళ్ళుబారిన సున్నపురాయి వంటి రాయి. పొలంలో చల్లిన పేడనీరు పగుళ్ళలోంచి నేరుగా ఇళ్ళ బావుల్లోకి దిగుతుంది. శాస్త్రజ్ఞులు పరీక్షిస్తే అనేక బావుల్లో మలసంబంధమైన క్రిములు కనిపించాయి. కొన్ని ఆవుల నుండి, కొన్ని మనుషుల మరుగుదొడ్డి గుంటల నుండి. నేరం అంతా డెయిరీలదే అనడం కూడా సరికాదు. 2018లో రాష్ట్రం ఇలాంటి నేలలకు ప్రత్యేక నిబంధనలు చేసింది. బావి చెడిన ఇంటివారు నీళ్ళు కొనుక్కుంటారు. వారూ పన్ను కట్టేవారే.

ఇక్కడ పెద్ద డెయిరీల పక్షాన చెప్పవలసిన మాట ఒకటుంది. పెద్దదనగానే రాక్షసుడు, చిన్నదనగానే పునీతుడు అనుకోవడం మన రచనల్లో ఒక అలవాటు. అమెరికాలో వేయి ఆవుల డెయిరీలు చాలావరకు ఒక కుటుంబానివే. ముగ్గురు అన్నదమ్ములు కలిసి పెంచుకున్నవి. తండ్రి యాభై ఆవులతో ఏడాది పొడవునా ఒక్క పూట సెలవు లేక నడుము విరగ్గొట్టుకోవడం చూసిన కొడుకు, ముగ్గురు పనివాళ్ళను పెట్టుకుని ఆదివారం పిల్లలతో గుడికి వెళ్ళగలగాలని కోరుకుంటే తప్పేముంది? పెద్దదైతే పాలు చవక. చవక పాలు పేద తల్లులకు మేలు. ఈ వాదన అబద్ధం కాదు. దీనికి నా జవాబు ఒక్కటే. పెద్దవాడు బజారులో గెలిస్తే గెలవనివ్వండి. గెలవడానికి పక్కవాడి పన్ను సొమ్ము ఇవ్వవద్దు, తన పేడ శుభ్రం చేసుకునే ఖర్చు పక్కవాడి బావి మీద వేయనివ్వవద్దు. ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో ‘లౌదాతో సీ’లో, చిన్న ఉత్పత్తిదారులకు అండగా గట్టి చర్యలు తీసుకోవడం అధికారుల హక్కు, బాధ్యత కూడా అన్నారు. చిన్నవారి పక్షాన మొగ్గడం ముఖం చూడటం కాదు, అవసరం చూడటం.

కెనడాలో వేరే దారి ఉంది. ఎవరు ఎంత పితకాలో కోటా పెట్టి ధర నిలబెడతారు. ఖజానా నుండి కాక కొనేవారి నుండే రైతుకు డబ్బు వస్తుంది. చిన్న కమతాలు అక్కడ మెరుగ్గా నిలిచాయి. కాని ఒక ఆవుకు సరిపడే కోటా కొనాలంటే 20 వేల డాలర్లకు పైగా పెట్టాలి. ఏమీ లేని కుర్రవాడు పాడిలోకి రాలేడు. లోపల ఉన్నవారికి స్వర్గం, బయట ఉన్నవారికి గోడ.

పొరుగువాడెవరు అన్న ప్రశ్న ఇక్కడ కౌంటీ దాటిపోతుంది. ఒక దేశం తన రైతుకు చేసే సాయం సముద్రం దాటి ఇంకో దేశపు రైతు నెత్తిన పడవచ్చు. జమైకా 1992లో ప్రపంచ బ్యాంకు అప్పు షరతుల కింద పాలపొడి మీద సుంకం తగ్గించింది. యూరప్‌లో సబ్సిడీతో తయారై ఎగుమతి సబ్సిడీతో ఓడ ఎక్కిన పాలపొడి వచ్చి పడింది. స్థానిక రైతులు పాలు పారబోశారు, ఆవులను కోతకు అమ్మారు. యూరప్ పల్లెల్లోని ఆ రైతులూ మనవంటి విశ్వాసులే, ఎవరికీ చెడు చేయాలనుకున్నవారు కారు.

అదే యూరప్ మిగులు మన దేశానికి కూడా వచ్చింది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్‌కు పెట్టుబడి ఎక్కడిదనుకుంటున్నారు? యూరోపియన్ ఆర్థిక సమాజం ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా ఉచితంగా ఇచ్చిన లక్షా 26 వేల టన్నుల పాలపొడి, 42 వేల టన్నుల వెన్న నూనె. దాన్ని చవకగా బజారులో కుమ్మరించి ఉంటే మన గేదెల పాలకు కూడా జమైకా గతే పట్టేది. వర్గీస్ కురియన్ గారు దాన్ని పాలుగా మార్చి, స్థానిక పాల ధర దెబ్బతినకుండా అమ్మించి, వచ్చిన డబ్బుతో పల్లెల్లో సహకార సంఘాలు, పాల కేంద్రాలు, పట్టణాలకు రవాణా ఏర్పాట్లు కట్టించారు. ఒకే మిగులు, ఒకే సబ్సిడీ. ఒకచోట ఆవులను చంపింది, ఒకచోట పాడిని నిలిపింది. తేడా పుచ్చుకున్నవారికి ఉన్న స్వేచ్ఛలో, ఆ స్వేచ్ఛను వాడుకున్న తెలివిలో ఉంది. 2019లో ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందం నుండి మన దేశం తప్పుకున్నప్పుడు చెప్పుకున్న కారణాల్లో పాడి రైతులు ఒకరు. 2025లో అమెరికాతో జరిగిన చర్చల్లోనూ పాలే ముడి. అక్కడ కివానీ రైతు, ఇక్కడ రెండు గేదెలున్న మన వితంతువు, ఇద్దరూ ఒకే బల్లకు చెరోవైపు కూర్చున్నారు. ఇద్దరికీ ఆ సంగతి తెలియకపోవచ్చు.

చివరగా ఈ లెక్కల్లో ఎక్కడా పేరు కనబడని మనిషి ఒకడున్నాడు. విస్కాన్సిన్ పెద్ద డెయిరీల్లో పాలు పితికేది ఎక్కువగా మెక్సికో, మధ్య అమెరికా దేశాల నుండి వచ్చినవారు. వీరిలో చాలామంది కతోలికులు. పొలం పనులకు అమెరికా ఇచ్చే వీసా ఋతువుల వారీ పనులకే. పాడి ఏడాది పొడవునా సాగే పని గనుక వారికి ఆ వీసా వర్తించదు. కనుక చాలామంది కాగితాలు లేకుండానే ఉన్నారు. 1938 నాటి కేంద్ర కార్మిక చట్టం వ్యవసాయ కూలీలకు అదనపు గంటలకు అదనపు కూలి హక్కు ఇవ్వలేదు. చలికాలపు రాత్రి షిఫ్టులో మంచు మధ్య పాలు పితికే అతనికి ధర పడినా పెరిగినా బీమా లేదు. పునీత యాకోబు లేఖలో కోతగాళ్ళ కూలి గురించి ఉన్న మాటలు ఎంత కఠినమైనవో మనకు తెలుసు. పాల ధర రైతును ముంచినప్పుడు ప్రభుత్వం లెక్కగట్టేది పాలను, దాణాను మాత్రమే. పితికిన చేతుల కూలి ఆ లెక్కలో ఎక్కడా లేదు. ప్రజాధనం తీసుకునే డెయిరీ ఏదైనా తన పనివారికి ఎంత కూలి, ఎటువంటి గది, జబ్బు చేస్తే ఏ వైద్యం ఇస్తున్నదో చూపించాలని షరతు పెట్టడం పెద్ద కష్టం కాదు. పౌన్ల లెక్క చూపించమని అడగగలిగిన కార్యాలయమే ఇదీ అడగవచ్చు. బావి నీళ్ళ పరీక్ష ఖర్చు దాని పక్కనే రాసుకోవచ్చు.